మన మండల పోలీస్ స్టేషన్: పల్లెల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

పట్నంలో ఉన్నవాళ్లకు స్టేషన్ అంటే రెండు వీధుల అవతల ఉండే భవనం. పల్లెలో, అందులోనూ మన్యంలో, అక్కడికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, రెండు ఆటోలు మారాలి. తీరా వెళ్లాక ఎస్సై బందోబస్తుకు వెళ్లారని తెలిస్తే మళ్లీ అదే దారిన తిరిగి రావాలి. న్యాయ సేవల వాలంటీరుగా ఊళ్లలో ఫిర్యాదులు రాసిపెట్టే పనిలో నాకు పదే పదే ఎదురైన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

స్టేషన్ దూరమని ఎవరూ ఫిర్యాదు మానుకోకూడదన్నది నా పట్టుదల. 2024 జూలై 1న పాత సీఆర్‌పీసీ (కేసు నమోదు, దర్యాప్తు, అరెస్టు ఎలా జరగాలో చెప్పే చట్టం) స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఈ దూరాన్ని తగ్గించే నిబంధనలు చాలానే ఉన్నాయి. అవి ఉన్నాయని తెలిసినవాళ్లే తక్కువ.

మా మండలానికి ఒకటే స్టేషన్. అందులో ఎవరెవరు ఉంటారు? నేను ఎవరిని కలవాలి?

చాలా మండలాల్లో స్టేషన్‌కు బాధ్యుడు సబ్ ఇన్‌స్పెక్టర్, అంటే ఎస్సై. చట్టం ఆయన్ని స్టేషన్ హౌస్ ఆఫీసర్ అంటుంది. ఆయన కింద ఏఎస్సైలు, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, హోంగార్డులు ఉంటారు. రెండు మూడు స్టేషన్లు కలిస్తే ఒక సర్కిల్, దానికి సీఐ. కొన్ని సర్కిళ్లు కలిస్తే సబ్ డివిజన్, దానికి డీఎస్పీ. ఆ పైన జిల్లా ఎస్పీ. తెలంగాణలో వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, రామగుండం, సిద్దిపేట వంటి కమిషనరేట్ల పరిధిలోనూ పల్లెలు ఉన్నాయి. అక్కడ డీఎస్పీ స్థానంలో ఏసీపీ, ఎస్పీ స్థానంలో పోలీస్ కమిషనర్ ఉంటారు.

హోదాలు తెలిస్తే సరిపోదు, లోపల పని ఎలా పంచుకుంటారో కూడా తెలియాలి. గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడే సెంట్రీ కదలకూడదు. రిసెప్షన్‌లో ఒకరు అర్జీలు తీసుకుంటారు. రికార్డు మొత్తం రైటర్ చేతిలో ఉంటుంది. కేసు నంబరు, ఎఫ్ఐఆర్ (ఫిర్యాదును కేసుగా నమోదు చేసిన కాగితం) కాపీ, కోర్టుకు వెళ్లిన కాగితాలు ఆయనకు తెలిసినట్టుగా మరొకరికి తెలియవు. ఒక కానిస్టేబుల్ రోజంతా కోర్టులో ఉంటాడు. సమన్లు, వారెంట్లు పట్టుకుని ఊళ్లు తిరిగేవారు ఇంకొకరు. సెలవులో ఉన్నవారిని, రాత్రి గస్తీ చేసి పగలు నిద్రపోతున్నవారిని తీసేస్తే, మీరు వెళ్లే సమయానికి స్టేషన్‌లో కనిపించేది నలుగురైదుగురే.

ఎస్సై లేరని వెనక్కి రాకండి. ఆయన లేనప్పుడు స్టేషన్‌లో ఉన్నవారిలో కానిస్టేబుల్ కంటే పై హోదా గల సీనియర్‌కు స్టేషన్ హౌస్ ఆఫీసర్ అధికారాలు వస్తాయి. మీ ఫిర్యాదు ఆయన తీసుకోవాలి.

మా ఊరికి మండల కేంద్రం ఒకటి, పోలీస్ స్టేషన్ ఇంకోచోట. ఇలా ఎందుకు ఉంది?

మండలాలు 1985లో వచ్చాయి. చాలా స్టేషన్లు అంతకంటే పాతవి, తాలూకాల కాలం నాటివి. రెవెన్యూ హద్దులు మారినప్పుడల్లా స్టేషన్ హద్దులు మారలేదు. అందుకే తహసీల్దారు ఒక ఊళ్లో, ఎస్సై మరో ఊళ్లో ఉండే గ్రామాలు కనిపిస్తాయి. మీ ఊరు ఏ స్టేషన్ కిందికి వస్తుందో గ్రామ సచివాలయంలోనో పంచాయతీ కార్యాలయంలోనో అడిగి, ఆ స్టేషన్ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి.

పరిధి తెలియకపోతే? లేక మా స్టేషన్ కంటే పక్క మండలం స్టేషన్ దగ్గరైతే?

ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా, పోలీసులు నేరుగా కేసు పెట్టదగినదైతే, మీరు వెళ్లిన స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. సున్నా నంబరుతో నమోదు చేసి అసలు స్టేషన్‌కు వాళ్లే పంపిస్తారు. ఆ కాగితం మోయాల్సింది మీరు కాదు.

దీని విలువ తెలియాలంటే భద్రాచలం వైపు చూడండి. 2014 తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఎటపాక వైపు ఊళ్లో దెబ్బలు తిన్న మనిషిని దగ్గర్లో ఉందని భద్రాచలం ఆసుపత్రికి తీసుకువస్తారు. గాయపడినవాడు మంచం మీద ఉండగా "మీది వేరే రాష్ట్రం, అక్కడికి వెళ్లండి" అనే హక్కు ఎవరికీ లేదు. భద్రాచలంలో జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి ఎటపాకకు పంపాలి. రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ప్రతి ఊరివాళ్లకూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

స్టేషన్ దాకా వెళ్లడమే కుదరదు. ఫోన్లో చెప్పినా కేసు అవుతుందా?

అవుతుంది. సమాచారం నోటిమాటగా ఇవ్వవచ్చు, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. అలా పంపితే మూడు రోజుల్లోపు మీరు సంతకం చేయాలి, అప్పుడే అది ఎఫ్ఐఆర్‌గా రికార్డుకెక్కుతుంది. మూడు రోజుల గడువు ఇచ్చింది దూరాభారం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకునే అనుకుంటాను. ఈ రోజు కబురు పంపి, ఎల్లుండి సంతకు వెళ్లినప్పుడు సంతకం పెట్టి రావచ్చు.

చదువు రానివాళ్లు నోటితో చెబితే స్టేషన్‌లో రాసి, రాసినది చదివి వినిపించి, ఆ తరువాతే వేలిముద్ర తీసుకోవాలి. వినకుండా వేలు వేయకండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. జిరాక్స్ ఖర్చు కూడా మీది కాదు.

112కు ఫోన్ చేస్తే ఎక్కడ మోగుతుంది? మా ఊరు వాళ్లకెలా తెలుస్తుంది?

112 కాల్ మీ మండల స్టేషన్‌లో మోగదు. రాష్ట్ర స్థాయి కేంద్రానికి వెళ్తుంది, అక్కడి నుంచి దగ్గర్లోని గస్తీ వాహనానికి కబురు అందుతుంది. పాత 100 కూడా పనిచేస్తుంది. ఫోను ఉన్న చోటు టవర్ల ఆధారంగా తెలిసినా, పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కనుక ఆ లెక్క కిలోమీటర్ల తేడాతో ఉండవచ్చు. అందుకే చోటు నోటితో చెప్పడమే ముఖ్యం.

తత్తరపాటులో చాలామంది "రామాపురం దగ్గర గొడవ జరుగుతోంది" అని పెట్టేస్తారు. ఎన్ని రామాపురాలు, ఎన్ని కొత్తపల్లిలు, ఎన్ని వెంకటాపురాలు ఉన్నాయో లెక్కే లేదు. జిల్లా, మండలం, పంచాయతీ, ఊరు అనే వరుసలో చెప్పండి. తరువాత గుర్తు చెప్పండి: ఏ రోడ్డు నుంచి ఎటు తిరగాలి, కిలోమీటరు రాయి మీద అంకె ఎంత, దగ్గర్లో గుడా, బడా, వాటర్ ట్యాంకా, రైస్ మిల్లా. పొలంలో అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీదో కరెంటు స్తంభం మీదో రాసి ఉన్న నంబరు చదవండి, స్థానిక లైన్‌మన్ ఆ చోటు వెంటనే చెప్పగలడు. చీకట్లో జీపు ఊరి మొదట్లో ఆగిపోకుండా ఒక మనిషిని టార్చి లైటుతో రోడ్డు మీద నిలబెట్టండి.

సిగ్నల్ లేని తండాలో, గూడెంలో ఉంటే సిగ్నల్ అందే మిట్ట ఎక్కడుందో ఊరంతటికీ తెలిసే ఉంటుంది. పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

పిలిచాక రావడానికి ఎందుకంత ఆలస్యం?

కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే. అయినా కారణాలు తెలిసి ఉంటే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. వాహనాలు తక్కువ. ఒకటి మండలానికి ఒక చివర ప్రమాదం దగ్గర ఉంటే, మరో చివరకు రావడానికి గంట పడుతుంది. బందోబస్తులు ఉన్న సిబ్బందినీ లాక్కుంటాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా పోలీసులు తరలుతారు. 2015 గోదావరి పుష్కరాలకూ అంతే. ఎన్నికలు, ముఖ్యమంత్రి పర్యటన, వినాయక నిమజ్జనం, సంక్రాంతి కోడిపందేల మీద నిఘా, పరీక్షా కేంద్రాలు, ప్రశ్నపత్రాల వాహనాలు అన్నీ ఈ కొద్దిమందితోనే జరగాలి. ఆ రోజుల్లో స్టేషన్‌లో సెంట్రీ, రైటర్, ఇంకొకరు మిగిలితే గొప్ప.

సిబ్బంది కొరత గురించి ఎస్సైతో వాదించి లాభం లేదు, పోస్టులు మంజూరు చేసేది ప్రభుత్వం. ఆ మాట ఎమ్మెల్యేను అడగాలి. గ్రామసభలో తీర్మానం చేసి పంపిస్తే ఆ కాగితానికి బరువుంటుంది.

మా ఊరికి ప్రత్యేకంగా పోలీసు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, ఆ సంగతి ఎక్కువమందికి తెలియదు. తెలంగాణలో ఊరూరికీ ఒక కానిస్టేబుల్‌ను విలేజ్ పోలీస్ ఆఫీసర్‌గా కేటాయించే పద్ధతి ఉంది. పేరు, నంబరు పంచాయతీ గోడ మీద ఉండాలి. లేకపోతే ఎస్సైని అడిగి రాయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో గ్రామ మహిళా సంరక్షణ కార్యదర్శులు ఉన్నారు, వారినే మహిళా పోలీసులు అంటున్నారు. ఆడపిల్లల వేధింపులు, బాల్య వివాహాలు, ఇంటి గొడవల సమాచారం స్టేషన్‌కు చేరే మొదటి మెట్టు వాళ్లే. ఎఫ్ఐఆర్ నమోదు మాత్రం వారి చేతిలో ఉండదు, దానికి స్టేషన్ కావాల్సిందే. మహిళలకు ఆంధ్రప్రదేశ్‌లో ఆపదలో పోలీసులను పిలిచే శక్తి యాప్, తెలంగాణలో వేధింపులను అడ్డుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్ ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ 181 మహిళలకు, 1098 పిల్లలకు.

ఫిర్యాదు ఎలా రాయాలి? బోరు మోటారు పోయిందనుకోండి.

పల్లెల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే కనుక దీన్నే ఉదాహరణగా తీసుకుందాం. "మా మోటారు పోయింది, దొంగలను పట్టుకోగలరు" అని రాస్తే స్టేషన్‌లో ఆ కాగితానికి ప్రాణం ఉండదు. ఇలా రాయాలి: ఏ ఊరు, ఏ సర్వే నంబరు పొలం. చివరిసారి మోటారు ఎప్పుడు ఆడించారు, ఎవరు ఆపారు. మరునాడు ఎన్ని గంటలకు వెళ్లి చూస్తే లేదు. ఏ కంపెనీది, ఎన్ని హార్స్ పవర్‌ది, నేమ్ ప్లేటు మీది నంబరు ఎంత. స్టార్టర్ పోయిందా, కేబుల్ కోశారా, కోస్తే ఎన్ని మీటర్లు. మొదట చూసినవారెవరు. ఆ రాత్రి కొత్త వాహనం ఏదైనా కనిపించిందా. పాత ఇనుము కొనేవాళ్లు ఈ మధ్య ఊళ్లోకి వచ్చారా.

విలువ తప్పకుండా రాయండి. దీని వెనుక ఒక చట్టపు మెలిక ఉంది. 5,000 రూపాయల లోపు విలువ గల సొత్తు దొంగతనాన్ని భారతీయ న్యాయ సంహిత (నేరాలనూ శిక్షలనూ చెప్పే చట్టం, పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) చిన్న నేరంగా చూసి సమాజ సేవ శిక్షకు అవకాశం ఇచ్చింది. అలాంటి కేసులో కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మోటారు, స్టార్టర్, కేబుల్ విడివిడిగా కాకుండా ఒక రాత్రి పోయిన మొత్తానికి విలువ కట్టండి. కొన్న బిల్లు ఉంటే జతచేయండి, లేకపోతే మోటారు బిగించిన మెకానిక్ మాట కూడా పనికొస్తుంది.

ఎవరి మీదైనా అనుమానం ఉంటే కారణంతో సహా రాయండి. కారణం లేకుండా పాత కక్షలతో పేర్లు ఇరికిస్తే కేసు అక్కడే చెడుతుంది, ఊళ్లో కొత్త గొడవ మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ పోతే అది విద్యుత్ సంస్థ ఆస్తి కనుక వాళ్లకూ వెంటనే చెప్పాలి.

ఎస్సై ఫిర్యాదు తీసుకోకపోతే?

పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. కొత్త చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది: మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ ముగించి నిర్ణయించవచ్చు. అంటే "విచారిస్తున్నాం" అన్న మాటకు ఇప్పుడు గడువు ఉంది. పద్నాలుగు రోజులు దాటితే ఏం తేల్చారో అడగండి.

నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా, పోస్టులో ఎస్పీకి పంపండి. పోస్టాఫీసులో ఇచ్చే రశీదు దాచుకోండి, ముందుముందు మీకు అదే ఆధారం. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. సోమవారాల్లో జిల్లా కేంద్రాల్లో అర్జీలు తీసుకునే పద్ధతి ఉంది కానీ, దూరం నుంచి వచ్చేవాళ్లకు నేను పోస్టునే మొదట సూచిస్తాను. ఖర్చు తక్కువ, సాక్ష్యం గట్టిది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష పడే నిబంధన న్యాయ సంహిత 199వ సెక్షన్‌లో ఉంది.

ఎఫ్ఐఆర్లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని, మారుమూల ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఇబ్బంది ఉంటే గరిష్ఠంగా 72 గంటల్లోపు పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు దీనికి మినహాయింపు. దర్యాప్తు ఎక్కడి దాకా వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు తెలియజేయాలి.

సాక్షిగా స్టేషన్‌కు రమ్మంటున్నారు. మా అమ్మకు నడవడమే కష్టం.

ఆమె రానవసరం లేదు. మహిళలు, 15 ఏళ్ల లోపు పిల్లలు, 60 దాటిన పురుషులు, వికలాంగులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్షులుగా విచారించాలంటే పోలీసులే వాళ్ల ఇంటికి వెళ్లాలి. పాత చట్టంలో వయోపరిమితి 65 ఉండేది, ఇప్పుడు 60 అయింది. ఎవరైనా తమంతట తాము వస్తామంటే అది వేరు. లైంగిక దాడికి గురైన పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాం వేసుకోకూడదు, వీలైనంత వరకు మహిళా ఎస్సై అయి ఉండాలి.

ఈ నిబంధన తెలియక ఎంతమంది ముసలివాళ్లు స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుంటారో! చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

గట్టు తగాదా. పోలీసులు కొలిపించి హద్దు తేల్చరా?

తేల్చరు, తేల్చకూడదు. భూమి ఎవరిదో చెప్పాల్సింది సివిల్ కోర్టు, హద్దు కొలవాల్సింది సర్వే శాఖ. తహసీల్దారుకు అర్జీ పెట్టి సర్వేయరును పిలిపించుకోవాలి. అయితే గట్టు మీద కర్రలు లేచినా, పంట దున్నేసినా, చంపుతామని బెదిరించినా అది నేరం, అక్కడ పోలీసులు రావాల్సిందే. ఘర్షణ జరిగేలా ఉంటే రెండు పక్షాలనూ తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, అంటే శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించుకుంటారు.

స్టేషన్‌లో పంచాయితీ పెట్టి "ఇంత ఇచ్చి రాజీ పడండి" అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. రాజీయే కావాలనుకుంటే లోక్ అదాలత్ ఉంది. అక్కడి తీర్పుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, ఫీజు లేదు. స్టేషన్‌లో తెల్ల కాగితం మీద రాసుకున్న రాజీకి ఆ విలువ ఉండదు.

పాము కరిచి మనిషి పోయాడు. పోలీసులకు చెప్పాలా? శవాన్ని కోస్తారని ఇంట్లో వద్దంటున్నారు.

చెప్పాలి. పాముకాటు, పిడుగు, కరెంటు షాకు, బావిలో పడటం, పురుగుమందు, అనుమానాస్పద మరణం, ఇవన్నీ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కిందికి వస్తాయి. ఎస్సై లేదా హెడ్ కానిస్టేబుల్ వచ్చి ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దలను పంచులుగా, అంటే సాక్షులుగా, పెట్టుకుని శవపంచనామా రాస్తారు. శరీరం మీద గుర్తులు, పడి ఉన్న తీరు, బంధువుల మాటలు అందులోకి ఎక్కుతాయి. తరువాత పోస్టుమార్టం. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ చనిపోతే తహసీల్దారు స్థాయి అధికారి వచ్చి పంచనామా చేస్తారు. ఆ మరణాన్ని మామూలు చావుగా దాటవేయకుండా చట్టం పెట్టిన కాపలా అది.

ఇంట్లోవాళ్ల బాధ అర్థమవుతుంది. శవాన్ని మండలం దాటించి ఆసుపత్రికి తీసుకెళ్లి, డాక్టరు కోసం ఎదురుచూసి, చీకటి పడ్డాక తిరిగి తెచ్చుకోవడం ఎంత నరకమో నేను చూశాను. అయినా ఆ కాగితాలు లేకపోతే కుటుంబం ఎంతో నష్టపోతుంది. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలో కోత పడే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. మృతుడి పేరున ఆ కోత పడుతోందని చాలా ఇళ్లలో తెలియను కూడా తెలియదు, పాస్ పుస్తకం చూడండి. పాముకాటుకు ఆసుపత్రి రికార్డు, ఇతర ప్రమాదాలకు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. దహనం అయిపోయాక వీటిని ఎవరూ పుట్టించలేరు.

పంచనామాలో పేరు, వయసు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఒక అక్షరం తేడాకు క్లెయిమ్ నెలల తరబడి ఆగిపోయిన ఇళ్లున్నాయి.

పురుగుమందు తాగి బతికితే కేసు పెడతారని భయపడుతున్నారు.

ఈ భయం ప్రాణాలు తీస్తోంది, కాబట్టి తేటగా చెబుతాను. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత ఐపీసీ 309వ సెక్షన్ కొత్త న్యాయ సంహితలో లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ స్థితిలో ఉన్న మనిషిని తీవ్ర ఒత్తిడికి గురైనవాడిగా భావించి, చికిత్స అందించమంటుంది. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్తుంది, వాళ్లు వచ్చి మాట్లాడతారు, అంతే. కాబట్టి 108కు ఫోన్ చేసేటప్పుడు గానీ, డాక్టరు అడిగినప్పుడు గానీ మందు పేరు దాచకండి. డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లండి. మనసు బరువెక్కినవాళ్లు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

రోడ్డు ప్రమాదంలో పడినవాళ్లను ఆసుపత్రికి చేర్చితే మమ్మల్ని సాక్షులుగా తిప్పుతారా?

తిప్పకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయరాదు. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి పారిపోతే, మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయల పరిహారం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. దీనికీ ఎఫ్ఐఆర్ కావాలి. వాహనం ఏదో తెలియనప్పుడు కేసు పెట్టి లాభమేమిటని చాలామంది ఊరుకుంటారు, అక్కడే ఈ డబ్బు పోతుంది.

కులం పేరుతో తిట్టి కొట్టారు. మండల స్టేషన్‌లో ఊరి పెద్దలదే మాట. మాకు దిక్కెవరు?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దీని కింద కేసు నమోదుకు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ స్పష్టం చేసింది. ఎఫ్ఐఆర్ మండల స్టేషన్‌లోనే అయినా, దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. అంటే ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లకు ఎస్సైతో ఉన్న పరిచయం దర్యాప్తును నడపడానికి వీల్లేదు. బాధితులకు ప్రయాణ ఖర్చులు, దశలవారీ పరిహారం ఇవ్వాలి. అవి అడిగి తీసుకోవాలి, వాటంతట అవి రావు.

మాది ఏజెన్సీ. మైదానానికీ మాకూ తేడా ఏమిటి?

అన్నిటికన్నా ముందు విస్తీర్ణం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నాటికి అల్లూరి సీతారామరాజు జిల్లా 12 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఒక స్టేషన్ కిందికి వచ్చే గూడేలు కొండల మీద చెదిరి ఉంటాయి, కొన్నిటికి జీపు వెళ్లే దారే లేదు. మనిషికి ప్రాణం మీదికి వస్తే డోలీలో మోసుకురావాలి. నల్లమలలో చెంచు పెంటలదీ, అంటే చెంచుల గూడేలదీ, ఇదే కథ.

తరువాత చరిత్ర. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి స్టేషన్ మీదికి వెళ్లి తుపాకులు తీసుకుంది, వరుసగా కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మన్యంలో స్టేషన్ అంటే అప్పట్లో ముఠాదారీ (కొన్ని ఊళ్ల మీద పన్ను వసూలు పెత్తనం) దోపిడీకీ వెట్టిచాకిరీకీ అండగా నిలిచిన చోటు. ఆ తరువాత మావోయిస్టుల కాలంలో పోలీసులకు కబురు ఇచ్చాడన్న అనుమానమే మనిషిని చంపేది, మావోయిస్టులకు అన్నం పెట్టాడన్న అనుమానం మనిషిని జైలుకు పంపేది. ఈ రెంటి మధ్య నలిగిన ఊళ్లు ఇవాళ స్టేషన్ గుమ్మం ఎక్కడానికి జంకితే తప్పు వాళ్లది కాదు. ఆ జంకు తీర్చే బాధ్యత పోలీసులదే. కోయ, కొండదొర, సవర, జాతాపు, చెంచు పిల్లలు స్వయంగా కానిస్టేబుళ్లుగా వచ్చిన స్టేషన్లలో ఈ దూరం తగ్గడం కనిపిస్తుంది.

పనికొచ్చే మాట ఒకటి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1970 నాటి ఒకటో నంబరు నిబంధన నిషేధిస్తుంది. మీ భూమిలోకి గిరిజనేతరుడు దిగితే దౌర్జన్యం గురించి స్టేషన్‌లో, భూమి తిరిగి ఇప్పించమని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర, రెండు చోట్లా అర్జీ పెట్టండి. ఒకటి పెట్టి రెండోది మరిచిపోవడం వల్ల ఆగిపోయినవే ఎక్కువ.

మావాణ్ని రాత్రి తీసుకెళ్లారు. ఎక్కడున్నాడో చెప్పడం లేదు.

అరెస్టు చేస్తే బంధువులకో మిత్రులకో వెంటనే తెలపాలి, కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రయాణ సమయం ఈ 24 గంటల్లో కలవదు. కోర్టు దూరంగా ఉన్న మండలాల్లో ఈ మినహాయింపును సాకుగా చూపే ప్రమాదం ఉంది కనుక, తీసుకెళ్లిన సమయాన్ని, వచ్చినవారి పేర్లను, వాహనం నంబరును అప్పుడే రాసి పెట్టుకోండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో సాధారణంగా నోటీసు ఇచ్చి పిలవాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే, 60 దాటినవారిని, బలహీనంగా ఉన్నవారిని డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితిలో తప్ప మహిళలను సూర్యాస్తమయం తరువాత అరెస్టు చేయరాదు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఇస్తారు.

ఫోన్ పోయింది. బ్యాంకు డబ్బు పోయింది. ఇవీ స్టేషన్ పనేనా?

ఫోన్ పోతే స్టేషన్‌లో చెప్పి, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే ప్రభుత్వ వెబ్‌సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) నమోదు చేయించండి. డబ్బు పోతే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్, తరువాతే స్టేషన్. దొంగ ఖాతాలో డబ్బు కదలకముందే ఆపాలంటే మొదటి గంట కీలకం, స్టేషన్‌కు ఆటోలో వెళ్లే సమయంలోనే అది చేతులు మారిపోతుంది.

నేను అమెరికాలో ఉంటాను. ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నారు. అక్కడి నుంచి నేనేం చేయగలను?

గోదావరి జిల్లాల్లో, కృష్ణా, గుంటూరు వైపు, కరీంనగర్ పల్లెల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఇల్లు తాళం వేసి ఊరెళ్తే, మీ అమ్మానాన్నలు వెళ్లే ముందు స్టేషన్‌లో చెబితే రాత్రి గస్తీ బీటులో ఆ వీధిని కలుపుతారు. సమాచారం మీరు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు కానీ మూడు రోజుల్లో సంతకం సమస్య మీకు వస్తుంది. అందుకే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులో, దగ్గరి బంధువో ఫిర్యాదుదారుగా ఉండటం మేలు. స్టేషన్ నంబరు, ఊరి కానిస్టేబుల్ లేదా మహిళా పోలీసు నంబరు, పక్కింటివారి నంబరు మీ ఫోన్లో ఉంచుకోండి. విదేశం నుంచి 112 నొక్కితే మన రాష్ట్రానికి కలవదు, ఆ దేశంలోని అత్యవసర సేవకు వెళ్తుంది. ఊరికి సాయం పంపాలంటే స్టేషన్ నంబరుకే నేరుగా చేయాలి, భారతదేశం కోడ్ 91 ముందు కలిపి.